‘ఏ హాలో పాయింట్ కన్నా?’ అని ముందు అడుగు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. చదివించే గుణం ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. కానీ మూడో పేరాకే తీర్పు చెప్పేశావు: కొత్త డిజైన్ బుల్లెట్లు వచ్చాయి కాబట్టి హాలో పాయింట్ల పని అయిపోయింది అని. ఆధారం ఏమిటా అని వెతికితే ఒక కంపెనీ ప్రచార వీడియో, బుల్లెట్లను పరీక్షించడానికి మనిషి కండకు బదులు వాడే జెల్ దిమ్మ ఉబ్బుతున్న స్లో మోషన్ దృశ్యం, ‘వినాశకరం’ అనే మాట తప్ప ఇంకేం దొరకలేదు. నువ్వు అడిగింది శైలి గురించి. నేను మాత్రం లెక్క గురించి రాస్తాను. ఇలాంటి విషయాల్లో లెక్క కుదిరితే శైలి సగం దానంతటదే కుదురుతుంది.

‘పాత హాలో పాయింట్ కన్నా మెరుగు’ అని రాశావు. ఏ పాతది? హాలో పాయింట్ అంటే ఒకే వస్తువు కాదు. ముక్కు దగ్గర గుంట ఉండి, ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకునే బుల్లెట్లన్నిటికీ అదే పేరు. 1980ల నాటి హాలో పాయింట్‌కీ ఇప్పటిదానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఎలా వచ్చిందో తెలియకపోతే నీ పోలిక నిలబడదు.

1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీలో ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ ఇద్దరు దోపిడీదారులకూ మధ్య కాల్పులు జరిగాయి. ఒక ఏజెంట్ పేల్చిన 9 ఎంఎం సైజు, 115 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే ప్రమాణం) హాలో పాయింట్ ఒక దోపిడీదారు కుడి చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలోకి దిగింది. విచ్చుకోవాల్సినట్టే విచ్చుకుంది, కానీ గుండె దాకా పోకుండా ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా కాల్పులు ఆపలేదు. ఆ రోజు ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. నేరం బుల్లెట్ మీద పడింది. ఆయుధాల ఎంపిక, వ్యూహం సంగతేమిటని అడిగినవాళ్లూ ఉన్నారు, అడగాల్సిందే కూడా. ఏమైనా, 1987లో ఎఫ్‌బీఐ అకాడమీ ఉన్న క్వాంటికోలో నిపుణులు కూర్చున్నారు, 1989లో ఎఫ్‌బీఐ నివేదిక వచ్చింది. పరీక్ష జెల్‌లో బుల్లెట్ కనీసం 12 అంగుళాల లోతుకు దిగాలి, 18 దాటకపోతే మంచిది అనే కొలత ఆ రోజుల్లోనే స్థిరపడింది. మనిషి ఎప్పుడూ ఎదురుగా ఛాతీ చూపిస్తూ నిలబడడు. బుల్లెట్ ముందు ఒక చేతిని దాటి, పక్కనుంచి లోపలికి పోవాల్సి రావచ్చు. 12 అంగుళాలు అడగడం వెనక ఉన్న ఆలోచన అదే.

దాంతో తయారీదారులు హాలో పాయింట్‌ను మళ్లీ మొదటి నుంచి డిజైన్ చేశారు. లోపలి సీసం, పైనున్న రాగి తొడుగు విడిపోకుండా అతికించారు. రేకులు ఎక్కడ చీలాలో ముందే గాట్లు పెట్టారు. గుంట ఆకారం మార్చారు. హోర్నడీ అనే కంపెనీ వాళ్లయితే గుంటలో మెత్తటి పాలిమర్ ముక్క దూర్చారు. ఎఫ్‌బీఐ ఈ మధ్యలో 10 ఎంఎం సైజు చూసింది, .40 అనే ఇంకో సైజుకి మారింది, చివరికి మళ్లీ 9 ఎంఎం దగ్గరికే వచ్చింది. ఆ మార్పును సమర్థిస్తూ 2014లో వాళ్ల శిక్షణ విభాగం రాసిన పత్రంలో ముఖ్యమైన వాదన, బుల్లెట్ల డిజైన్ బాగా మెరుగుపడిందనే. మయామీలో అపవాదు మోసిన సైజే తిరిగొచ్చింది, అదీ హాలో పాయింట్‌తోనే. నువ్వు ‘పాత’ అన్నది ఇంత మారింది. కాబట్టి కంపెనీ వాళ్లు ‘మామూలు హాలో పాయింట్’ అని ఒకదాన్ని పక్కన పెట్టి చూపిస్తే ఏ కంపెనీది, ఎన్ని గ్రెయిన్లు, ఎంత పొడవు బారెల్ (తుపాకీ గొట్టం) నుంచి పేల్చారు అని అడుగు. పొట్టి బారెల్‌లో వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే కొన్ని హాలో పాయింట్లు సరిగా విచ్చుకోవు. ఎదుటివాడిని నీరసపరచి కుస్తీ గెలవడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.

ఇక జెల్ గురించి. నీ వ్యాసంలో ‘జెల్ పరీక్షలో’ అని ఒక్క మాటతో తేల్చేశావు. నేనైతే ఒక పేరా అంతా దానికే ఇస్తాను. పది పాళ్ల జెలటిన్ పొడి, తొంభై పాళ్ల నీళ్లు బరువు ప్రకారం కలిపి, దిమ్మగా పోసి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. అమెరికా సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన మార్టిన్ ఫ్యాక్లర్ ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టాడు. అసలు బుల్లెట్ పేల్చే ముందు ఆ దిమ్మలోకి బీబీ అనే ఒక చిన్న ఉక్కు గుండును సెకనుకు దాదాపు 590 అడుగుల వేగంతో కొడతారు. అది సుమారు 8.5 సెంటీమీటర్లు దిగి ఆగితే దిమ్మ సరిగ్గా కుదిరినట్టు. ఎక్కువ దిగితే మెత్తబడింది, తక్కువ దిగితే గట్టిపడింది. రెండు సందర్భాల్లోనూ ఆ తర్వాత వచ్చే అంకెలకు విలువ లేదు. బీబీ కొలత చెప్పని పరీక్షను నేను వినోదం కింద జమకడతాను. వీడియోల్లో అద్దంలా మెరిసే పారదర్శకమైన జెల్ ఇంకో రకం. అది జెలటిన్ కాదు, కృత్రిమ పదార్థం. చూడ్డానికి బాగుంటుంది, కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. కానీ బుల్లెట్ అందులో విచ్చుకునే తీరు, దిగే లోతు అసలు జెలటిన్‌తో సరిపోలవు. రెండింటి అంకెలనూ ఒకే పట్టికలో పెట్టకు.

బట్ట సంగతి మర్చిపోకు. ఎఫ్‌బీఐ పరీక్షలో వట్టి జెల్ ఒక్కటే ఉండదు. దాని ముందు మందపాటి దుస్తులు, ఉక్కు రేకు, గోడకు వాడే జిప్సం బోర్డు, ప్లైవుడ్, కారు అద్దం పెట్టి కూడా పేలుస్తారు. హాలో పాయింట్‌కు బట్టతోనే అసలు చిక్కు. బట్టలోంచి వెళ్లి విచ్చుకోని బుల్లెట్‌ను జెల్ నుంచి తీసి చూస్తే గుంట నిండా నూలు పోగులు కుక్కినట్టు ఉంటాయి, సూదితో గుచ్చి లాగితే తప్ప రావు. గుంట మూసుకుపోయాక అది మామూలు గుండ్రటి ముక్కు బుల్లెట్ లాగే ప్రవర్తిస్తుంది, విచ్చుకోకుండా లోతుకు దూసుకుపోతుంది. కొత్త డిజైన్ల వాళ్ల వాదనలో నిజమైన బలం ఇక్కడే ఉంది. ఆ మాట నీ వ్యాసంలో లేనే లేదు!

కొత్త డిజైన్లన్నిటినీ ఒకే గాటన కట్టేశావు. అది కుదరదు. లోపలికి వెళ్లి ముక్కలయ్యే రకం ఒకటి. ఇది కొత్తదేమీ కాదు, సన్నటి గుళ్లు నింపిన గ్లేజర్ అనే బుల్లెట్ 1970ల నుంచే ఉంది. 2014లో ‘ఆర్‌ఐపీ’ అనే పేరుతో వచ్చినదాన్ని చుట్టూ ముళ్లలాంటి రాగి రేకులతో చేశారు. చూడగానే భయం వేసేలా ఉంటుంది, అమ్ముడుపోవడానికి అది చాలు. కానీ విడిపోయిన ఒక్కో ముక్క బరువు తక్కువ కాబట్టి లోతుకు పోలేదు. కొత్త పేరుతో వచ్చినా నిలదీయాల్సింది మయామీ నాటి ప్రశ్నతోనే, తగినంత లోతుకు దిగుతుందా అని. ఆర్‌ఐపీలో లోతుకు దిగేది అడుగు ముక్క ఒక్కటే, దాని వెడల్పు విచ్చుకున్న హాలో పాయింట్ కన్నా తక్కువ. ఈ రకం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

రెండో రకం మీద మాత్రం గౌరవం ఉంది. లీహై డిఫెన్స్ అనే కంపెనీ చేసేలాంటివి, మొత్తం రాగితో పోతపోసినట్టుండి, ముక్కు మీద గాడులు తీసినవి. ఇవి విచ్చుకోవు. గుంట లేదు కాబట్టి బట్ట ఇరుక్కునే బెడదా లేదు. వేగం కాస్త తగ్గినా ఆకారం మారదు. వరసగా పేలిస్తే లోతు దాదాపు ఒకేలా వస్తుంది. .380 లాంటి చిన్న సైజుల్లో ఇది మంచి లక్షణం. ఎందుకంటే అక్కడ హాలో పాయింట్ విచ్చుకుంటే తరచుగా లోతు చాలదు, విచ్చుకోకపోతే ఎక్కువైపోతుంది. తిరకాసు ఎక్కడంటే, ఆ గాడులు ద్రవాన్ని పక్కలకు చిమ్మి పెద్ద గాయం చేస్తాయని వాళ్లు చెప్పే చోట. జెల్‌లో ఆ ఉబ్బు కనిపిస్తుంది, అబద్ధమేమీ లేదు. కానీ పిస్టల్ వేగాల్లో వచ్చే ఆ తాత్కాలిక ఉబ్బుకు కండరం, ఊపిరితిత్తి లాంటివి సాగి మళ్లీ యథాస్థితికి వస్తాయి. కాలేయం లాంటి పెళుసు అవయవాల సంగతి వేరు. జెల్‌లో చిరిగిన చారను చూసి ఒంట్లోనూ అంతే అనడానికి లేదు. అందుకే 9 ఎంఎంలో ఇవి మంచి హాలో పాయింట్‌ను దాటేశాయని రాయడానికి తగిన ఆధారం నాకు కనబడలేదు. చిన్న సైజుల్లో అయితే గట్టిగా పరిశీలించదగినవే. పైగా అమెరికా పోలీసు శాఖలు ఇప్పటికీ ఎక్కువగా వాడేది విచ్చుకునే హాలో పాయింట్లనే. అది తిరుగులేని రుజువు కాదుగానీ, పక్కన పెట్టదగిన విషయమూ కాదు.

అంకెల దగ్గర ఒక చిన్న కిటుకు చెప్తాను. ఐదు బుల్లెట్లు పేల్చారనుకో. లోతులు 13, 14, 13, 14, 26 అంగుళాలు. సగటు 16. కరపత్రంలో ‘సగటు 16, ఎఫ్‌బీఐ ప్రమాణానికి సరిపోయింది’ అని వేస్తారు. కానీ నిజానికి ఒక్కటి కూడా 16 దగ్గర ఆగలేదు. ఐదోది విచ్చుకోలేదు, దాని వెనక ఎవరైనా నిలబడి ఉంటే వాళ్ల గతేమిటో ఆలోచించు. సగటు రాస్తే రాయి, పక్కనే అన్నిటికన్నా చెడ్డది కూడా రాయి. ఫొటోకి ఎప్పుడూ అందంగా విచ్చుకున్నదాన్నే పంపుతారు. మిగిలిన నాలుగూ పంపమని అడుగు.

‘ఒక్క గుండుకే పడిపోతారు’ అనే శాతాలు ఎక్కడో పట్టుకొచ్చావు. అవి తీసెయ్. ఒకటికి మించి గుళ్లు తగిలిన సంఘటనలను పక్కన పెట్టేసి కట్టిన లెక్కలవి. మొదటి గుండుకు పడనివాడిని రెండోసారి కాలుస్తారు కదా, ఆ కేసు లెక్కలోంచి ఎగిరిపోతుంది. ఇక ఏ బుల్లెట్‌కైనా మంచి మార్కులే! 1989 నివేదికలో ఇంకో మాట ఉంది, దాన్ని వాడుకో: గుండె పూర్తిగా ధ్వంసమైనా మెదడులో ఉన్న ప్రాణవాయువుతో మనిషి 10 నుంచి 15 సెకన్లు తన ఇష్టప్రకారం కదలగలడు. మెదడుకో వెన్నుపాము పై భాగానికో తగిలితే తప్ప వెంటనే ఆగుతాడన్న హామీ లేదు. అంటే తగిలిన చోటు ముందు, లోతు తర్వాత. కొత్త, పాత డిజైన్ల తేడా ఆ తర్వాతెప్పుడో వస్తుంది. నీ వ్యాసంలో ఈ వరస తలకిందులుగా ఉంది.

భాష గురించి ఒక్క ముక్క. ‘వినాశకరం’ అనేది ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టెయ్. మనం రాస్తున్నది మనుషుల ఒళ్ల గురించి. ఆ మాటకి లెక్కలో చోటు లేదు, మర్యాదలోనూ లేదు. వించెస్టర్ కంపెనీ 1991లో నల్ల పూతతో ‘బ్లాక్ టాలన్’ అనే హాలో పాయింట్ తెచ్చింది. పేరూ రంగూ కలిసి జనాన్ని హడలగొట్టాయి. గొడవ ముదిరి 1993లో సాధారణ పౌరులకు అమ్మడం ఆపేశారు. గాయానికీ ఆ నల్ల పూతకూ ఏ సంబంధమూ లేదు. మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ ఎక్కువగా మాట్లాడింది పేరు గురించే.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆ కంపెనీకి రాసి బీబీ కొలత, బారెల్ పొడవు, పోల్చిన హాలో పాయింట్ పేరు, పేల్చిన ప్రతి బుల్లెట్ లోతూ వెడల్పూ అడుగు. జవాబు రాకపోతే అడిగినా ఇవ్వలేదని వ్యాసంలోనే రాసెయ్. మూడో పేరాలో ఉన్న తీర్పును పీకి చివరికి జరుపు. అక్కడికొచ్చేసరికి ‘ఇంకా తేలలేదు’ అని రాయాల్సి వస్తే అలాగే రాయి. హెడ్డింగ్ చప్పగా ఉందని ఎడిటర్ గొణిగితే ఆయన్ని నాతో మాట్లాడమను.

ఆశీస్సులతో,
అన్న