సెల్ఫీ ఇస్తే ఫోటోలన్నీ వస్తున్నాయి, పర్వాలేదా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లమంతా కలిసి ఉగాది చేసుకున్నాం. ఫోటోగ్రాఫర్ వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టారు. స్కాన్ చేసి సెల్ఫీ ఇస్తే మనమున్న ఫోటోలన్నీ వచ్చేస్తున్నాయి. మా ఎనిమిదేళ్ల పాపవీ అలాగే వచ్చాయి. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. సెల్ఫీలు తీసేయమని అడగాలా?
– ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అడగండి. కానీ దాంతో సరిపోదు. మీరు సెల్ఫీ ఇవ్వకముందే సగం పని అయిపోయి ఉంటుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ గ్యాలరీలోని ప్రతి ముఖాన్నీ ఓ అంకెల వరుసగా మార్చి పెట్టుకుంటుంది. మీ సెల్ఫీకీ అలాంటి వరుసే తయారుచేసి, దగ్గరగా ఉన్నవాటిని ఏరి ఇస్తుంది. సెల్ఫీ ఇవ్వనివాళ్లూ, పచ్చడి గ్లాసు పట్టుకుని వెనకాల నిలబడ్డ తాతగారితో సహా, ఆ లెక్కలో ఉన్నట్టే.

ఒక పని చేయండి. పాప పాత ఫోటోను వేరే ఫోన్లో తెరిచి, సెల్ఫీకి బదులు దాన్ని కెమెరాకి చూపించండి. ఫోటోలు వచ్చేశాయా? అయితే లింకు చేతికందిన ఎవరికైనా వస్తాయి. మీ వాట్సాప్ డీపీలో పాప ముఖం ఉంటే చాలు. వచ్చిన ఫోటోలను కాస్త పెద్దవి చేసి చూడండి. వెనక గోడ మీద బ్లాక్ పేరు, బహుమతి తీసుకుంటున్నప్పుడు స్క్రీన్ మీద పాప పూర్తి పేరు... ముఖానికి పేరూ అడ్రసూ తోడైనప్పుడే అసలు చిక్కు.

గ్యాలరీకి పిన్ పెట్టమనండి. అందరూ డౌన్‌లోడ్ చేసుకున్నాక లింకు మూసేయమనండి. పాప ఫోటోలతో పాటు ముఖ డేటానూ, అంటే ఆ అంకెల వరుసనూ తొలగించి, ఆ మాట మెయిల్లో రాసివ్వమనండి. మొహమాటపడకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. దాని నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. అయితే మనంతట మనమే అందరికీ కనిపించేలా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదు. కాబట్టి అవే ఫోటోలను పబ్లిక్ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పెట్టి, ఫోటోగ్రాఫర్‌తో గొడవపడితే లాభం లేదు. అమెరికాకు చెందిన ముఖ గుర్తింపు కంపెనీ క్లియర్‌వ్యూ ఏఐ అలా బహిరంగంగా దొరికే ఫోటోలనే వందల కోట్లలో పోగేసిందని 2020లో బయటపడింది. 2021లో ఫేస్‌బుక్ వంద కోట్లకు పైగా జనం ముఖ డేటాను తొలగిస్తామని ప్రకటించింది. తొలగించింది డేటానే, ఫోటోలను కాదు. రెండూ వేర్వేరు కాబట్టే రెండూ తొలగించమని అడగాలి.

ప్రశ్న: గూగుల్ ఫోటోస్ మా అమ్మ ఫోటోలన్నీ ఒకచోట చేర్చి, పేరు రాయమంటోంది. ఆ పేరు అందరికీ కనిపిస్తుందా?
– ఓ పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: కనిపించదు. ఆ గుంపులూ పేర్లూ మీ ఖాతాకే పరిమితం. ఫోటో షేర్ చేసినా వాటితో పాటు వెళ్లవు. నచ్చకపోతే ఫోటోస్ సెట్టింగ్స్‌లో ముఖాలను గుంపులుగా చేర్చే ఆప్షన్‌ను ఆపేయండి. ముఖాల గుంపులు, మీరు రాసిన పేర్లు చెరిగిపోతాయి, ఫోటోలు అలాగే ఉంటాయి.