వైన్ సీమకు అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా?

కాలిఫోర్నియాలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన గోదావరి జిల్లాల పిల్లలు వేసవి వస్తే తరచుగా అడిగే సందేహం ఇది. కోనసీమ నుంచి అమ్మానాన్నలు వచ్చారు, అపార్ట్‌మెంటులో వారికి పొద్దుపోవడం లేదు, వారాంతంలో ద్రాక్షతోటలూ, వైన్ తయారుచేసే వైనరీలూ ఉన్న వైన్ సీమకు తీసుకువెళితే బాగుంటుందా, లేక మందు ముట్టని పెద్దవారికి అది ఎబ్బెట్టుగా ఉంటుందా అని వారి సంకోచం. నిస్సందేహంగా తీసుకువెళ్లవచ్చు. అయితే అందరూ పరుగెత్తే నాపాకు కాకుండా, లోడై ఊరికీ, దానిని ఆనుకొని ఉన్న శాక్రమెంటో–శాన్ వాకీన్ డెల్టాకూ తీసుకువెళ్లమని నా సలహా. రాజోలు, అమలాపురం వైపు సేద్యం చేసినవారికి అక్కడ చూడడానికీ, తప్పులు ఎన్నడానికీ కావలసినంత ఉంది.

నాపాను నేను తీసిపారేయడం లేదు. వ్యవసాయ భూములు ముక్కలై ఇళ్ల స్థలాలుగా మారిపోకుండా 1968లోనే కట్టుబాటు చేసుకున్న కౌంటీ అది. కొబ్బరితోటలు లేఔట్లుగా, వరిచేలు రొయ్యల చెరువులుగా మారిపోవడం కళ్లారా చూసిన మన రైతులు ఆ సంగతి చెబితే చెవులు రిక్కించి వింటారు. కానీ అక్కడ చాలా వైనరీలలో ముందుగా సమయం తీసుకోవాలి, రుచి చూడడానికే మనిషికి పదుల డాలర్లు ఇచ్చుకోవాలి, తాగనివారు పక్కన కూర్చుని గోళ్లు గిల్లుకోవాలి.

లోడై శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 90 మైళ్ల దూరంలో ఉంది. జిన్‌ఫండెల్ అనే ఎర్ర ద్రాక్షకు పేరుపొందిన ఈ ప్రాంతంలో మీరు ముందుగా చూపవలసినవి పాత తోటలు. ద్రాక్ష అంటే పందిరి అనుకునే మన కళ్లకు, పందిరీ ఇనుప తీగా లేకుండా నడుమెత్తున మోడుల్లా విడివిడిగా నిలబడి, తల చుట్టూ కొమ్మలు వేసే ఆ మొక్కలు వింతగా కనిపిస్తాయి. 1886లో నాటిన తోట ఒకటి ఇప్పటికీ కాపు కాస్తోంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు ప్రపంచంలో చాలా చోట్ల ద్రాక్షతోటలను నాశనం చేశాక, దానిని తట్టుకొనే అమెరికా జాతుల వేరుమొక్కల మీద అంటు కట్టి నాటడం దాదాపు అంతటా మామూలైంది. లోడై దగ్గరి ఇసుక నేలలో ఆ పురుగు బలపడదు కనుక అక్కడి పాత మొక్కలు కొన్ని అంటు లేకుండా సొంత వేర్ల మీదనే నిలిచాయి. కడియం నర్సరీల నుంచి మామిడి అంట్లు తెచ్చి నాటిన నాన్నగారికి మీరు ఇంత వివరించనక్కరలేదు. మొదలు దగ్గర అంటు కణుపు ఉందో లేదో ఆయనే వంగి చూస్తారు. తోట యజమానుల అనుమతి లేకుండా వరుసల్లోకి దిగకుండా మాత్రం చూసుకోండి.

లోడై నుంచి పడమరగా వెళ్లి నూట అరవయ్యో నంబరు రోడ్డు ఎక్కితే అది నది గట్టు మీదనే సాగుతుంది. ఒక పక్క నది, మరో పక్క నదికంటే పల్లంలో పొలాలు, పియరు తోటలు కనిపిస్తాయి. కొన్ని లంకలు సముద్ర మట్టానికి 15 అడుగులకు పైగా దిగువన ఉన్నాయి. గట్లు వేసి నీరు తోడి సేద్యానికి తెచ్చాక, ఆకులూ రెల్లూ కుళ్లి ఏర్పడిన అక్కడి నల్లమట్టి గాలి తగిలి క్షీణిస్తూ కుంగిపోవడమే దానికి కారణం. ఆ గట్లలో చాలా భాగం మొదట వేసినది చైనా కూలీలు. 2004లో జోన్స్ ట్రాక్ట్ అనే లంక దగ్గర గండి పడి వేల ఎకరాలు మునిగాయి. 1986 గోదావరి వరదను చూసినవారు ఆ గట్టు మీద కారు దిగి, అవతలి నీటి మట్టం చూసి ఏమంటారో వినండి.

రియో విస్టా దగ్గర రైయర్ లంకకు కార్లను దాటించే పంటు ఉంది. రాష్ట్ర రవాణా శాఖ నడుపుతుంది, రుసుము లేదు. నరసాపురం–సఖినేటిపల్లి రేవు దాటినవారికి ఇంతకంటే ఇష్టమైన మజిలీ ఉండదని నా నమ్మకం. మరమ్మతులకు అది ఆగే రోజులుంటాయి కనుక ముందే చూసుకోండి. మే నెలలో వెళ్లగలిగితే శాక్రమెంటోకు ఉత్తరాన నీరు నింపిన మడుల మీద విమానాలు విత్తనం చల్లడం కూడా చూడవచ్చు. నారుమడి, ఊడ్పులు లేని ఆ వరిసాగు మీద సాయంత్రమంతా చర్చ జరుగుతుంది. డెల్టా పడమటి అంచున ఉన్న బ్రెంట్‌వుడ్ తోటల్లో చెర్రీలు స్వయంగా కోసుకొనేదీ ఆ రోజుల్లోనే. జూలై, ఆగస్టుల్లో పగలు ఎండ మండిపోతుంది, సాయంత్రం సముద్రం వైపు నుంచి చల్లగాలి వీస్తుంది.

శాకాహార భోజనానికి స్టాక్టన్‌లో 1912లో స్థాపించిన సిక్కుల గురుద్వారా ఉంది. తల మీద గుడ్డ కప్పుకొని, చెప్పులు విడిచి వెళ్లాలి. మద్యం తాగి లోపలికి వెళ్లకూడదు కనుక అక్కడ భోజనం ముగించాకనే వైనరీలకు వెళ్లండి.

ఇక మీ సంగతి. కారు నడిపేవారు గ్లాసు ముట్టకూడదు. రక్తంలో మద్యం 0.08 శాతం చట్టం చెప్పే హద్దే అయినా, అంతకు తక్కువ ఉన్నా నడక, మాట తడబడితే అరెస్టు చేయవచ్చు. 2015 నుంచి, నేరం రుజువు కాకముందే, అరెస్టు కారణంగానే వీసా రద్దు చేసే పద్ధతి అమలులో ఉంది. ఆ తరువాత ఇండియా వెళితే, తిరిగి రావడానికి మళ్లీ వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ తప్పవు. మూత తీసిన సీసాను డిక్కీలో పెట్టాలి, సీటు దగ్గర ఉంచుకోకూడదు. 21 ఏళ్లు నిండాయని చూపడానికి పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

దారిలో ఏ తెలుగువారి పెరట్లోనో అమ్మగారు కరివేపాకు మొక్క అడిగితే సున్నితంగా వారించండి. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసే పురుగు దాని మీద కూడా బతుకుతుంది కనుక, క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఆ మొక్కలను బయటకు తరలించడం అక్కడ నిషిద్ధం.