ఆరడుగుల ఏడంగుళాల అబ్బాయి ఖలీ బాటలో వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు, బరువు 118 కిలోలు. ఏడాదిలోనే చెప్పుల సైజు రెండుసార్లు మారింది. 2023 సెప్టెంబరులో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన చూసి వచ్చినప్పటి నుంచి ‘ద గ్రేట్ ఖలీ’లా రెజ్లర్‌ను అవుతానంటున్నాడు. ఇప్పుడు ఇంటర్ మానేసి జలంధర్‌లోని ఖలీ అకాడమీలో చేరతానని పట్టుబడుతున్నాడు. పంపవచ్చా? - ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి ఖలీ పేరు చెబుతున్నాడు కనుక ఆయన జీవితాన్నే సంవత్సరాలతో సహా అతని ముందు పెట్టండి. ఖలీ అసలు పేరు దలీప్ సింగ్ రాణా. ఆయన 1972లో హిమాచల్ ప్రదేశ్‌లోని సిర్మౌర్ జిల్లా ధిరైనా గ్రామంలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. కూలి పనులు చేశారు, సిమ్లాలో సెక్యూరిటీ గార్డుగా ఉన్నారు. అక్కడ ఆయన ఆకారాన్ని చూసిన ఒక పోలీసు అధికారి చొరవతో 1993లో పంజాబ్ పోలీసు శాఖలో చేరారు. జలంధర్‌లో ఏళ్ల తరబడి జిమ్‌లో శరీరాన్ని తీర్చిదిద్దుకుని, 2000లో కాలిఫోర్నియాలోని ఆల్ ప్రో రెజ్లింగ్ శిక్షణ శిబిరానికి వెళ్లేనాటికి ఆయనకు దాదాపు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ తర్వాత జపాన్, మెక్సికో బరుల్లో తిరిగి, 2006లో డబ్ల్యూడబ్ల్యూఈలో అడుగుపెట్టి, 2007 జులైలో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యారు. ఆ బెల్టు ఆయన నడుముకు ఉన్నది సుమారు రెండు నెలలు. చేతిలో ప్రభుత్వ ఉద్యోగం పెట్టుకుని ఇరవై ఎనిమిదేళ్లకు మొదలుపెట్టిన మనిషిని చూపించి, పదిహేడేళ్లకే ఇంటర్ మానేస్తాననడం లెక్కకు కుదరదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపినది అకాడమీ సంగతి కాదు, చెప్పుల సైజు సంగతి. మీ వంశంలో అందరూ పొడగరులే అయితే ఇది సహజమైన ఎదుగుదలే కావచ్చు. కానీ మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో చిన్న కణితి ఏర్పడి గ్రోత్ హార్మోన్‌ను అతిగా విడుదల చేసినప్పుడు కూడా పిల్లలు ఇలాగే అసాధారణంగా ఎదుగుతారు; ఎముకల చివరలు మూసుకుపోయాక అదే హార్మోన్ చేతులను, పాదాలను, దవడను, చివరకు గుండెను కూడా పెంచుతుంది. ఖలీకి ఉన్నది ఈ సమస్యే. నలభైకి చేరువైన వయసులో, 2012లో, అమెరికాలో ఆయనకు ఆ కణితిని తొలగించారు. ‘బిగ్ షో’గా పేరు పొందిన పాల్ వైట్‌కు పందొమ్మిదేళ్ల ప్రాయంలోనే ఆ శస్త్రచికిత్స జరిగింది, రెజ్లింగ్‌లో ఆయన సుదీర్ఘ ప్రయాణమంతా ఆ తర్వాతిదే. చికిత్స లేకుండానే ఏళ్లు గడిపిన ఫ్రాన్స్ మల్లుడు ఆండ్రే ద జెయింట్ 1993లో, 46 ఏళ్లకే, గుండె విఫలమై మరణించారు. చికిత్స చేయిస్తే ఎత్తు ఆగిపోయి అవకాశం పోతుందేమోనని మీ అబ్బాయి భయపడితే బిగ్ షో కథ చెప్పండి.

కనుక ముందు ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల వైద్య నిపుణుణ్ణి, కలవండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లోనూ ఉస్మానియాలోనూ ఆ విభాగాలు ఉన్నాయి. ఐజీఎఫ్-1 అనే రక్త పరీక్ష, అవసరమైతే గ్లూకోజ్ తాగించి చేసే హార్మోన్ పరీక్ష, పీయూష గ్రంథికి ఎంఆర్ఐ, ఎముకల వయసు తెలియడానికి మణికట్టు ఎక్స్‌రే రాస్తారు. తలనొప్పులు, పక్క చూపు తగ్గడం, విపరీతమైన చెమట, పళ్ల మధ్య సందులు పెరగడం వంటివి ఉంటే దాచకుండా చెప్పండి. రెండు మూడేళ్ల కిందటి ఫొటోలు, పదో తరగతి హాల్‌టికెట్‌తో సహా, వెంట తీసుకెళ్లండి; ముఖంలో వచ్చిన మార్పును వైద్యులు వాటితో పోల్చి చూస్తారు.

ఇక వృత్తి విషయం. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే నిర్ణయమై ఉంటుంది గాని, కింద పడటం మాత్రం నిజమే. ఇనుప చట్రంపై చెక్కలు పరిచి, పలుచని ఫోమ్ వేసి, పైన కాన్వాస్ బిగించిన బరి అది. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపంతా ఒకేసారి ఆనేలా, రెండు అరచేతులతో నేలను చరుస్తూ వెనక్కి పడటమే అక్కడి మొదటి పాఠం. దాన్ని ‘బంప్’ అంటారు, రోజూ పదేపదే చేయిస్తారు. భారీకాయుడికి ప్రతి బంప్ మరింత భారం. ఖలీ మోకాళ్లు ఎంత ఇబ్బంది పెట్టాయో ఆయన చివరి ఏళ్ల పోటీలు చూసినవారికి తెలుసు. ఆయన శిక్షణ పొందిన కాలిఫోర్నియా శిబిరంలోనే 2001లో, ఆయనతో సాధన చేస్తున్న ఒక యువకుడు తలకు గాయమై చనిపోయాడు. 2005లో జ్యూరీ శిబిరం నిర్వాహకులదే తప్పని తేల్చి, ఆ కుటుంబానికి 13 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. పైగా డబ్ల్యూడబ్ల్యూఈ తన రెజ్లర్లను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే పరిగణిస్తుంది.

ఒలింపిక్ కుస్తీ దారి వేరు. అందులో అత్యధిక బరువు పరిమితి ఫ్రీస్టైల్ పద్ధతిలో 125 కిలోలు, గ్రీకో-రోమన్ పద్ధతిలో 130 కిలోలు కనుక, ఇంకా ఎదుగుతున్న మీ అబ్బాయికి అది ఇరుకే. బాస్కెట్‌బాల్, వాలీబాల్ మాటేమిటని ఎవరూ అడగకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన ఏడడుగుల సత్నామ్ సింగ్ లుధియానా అకాడమీలో బాస్కెట్‌బాల్ నేర్చుకుని, 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు ద్వారా, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడయ్యారు. రెజ్లింగ్‌లోకి ఆయన ఆ తర్వాతే, 2021లో, వచ్చారు. రైల్వేల్లోనూ పోలీసు శాఖలోనూ ఈ ఆటలకు స్పోర్ట్స్ కోటా ఉంది. అర్హత పోటీల సర్టిఫికెట్ల మీద ఆధారపడుతుంది గనుక జిల్లా స్థాయి నుంచి ఆడుతూ రావాలి.

ఇంటర్ పూర్తయి, డిగ్రీలో చేరాక కూడా కోరిక అలాగే ఉంటే జలంధర్‌కు మీరూ వెంట వెళ్లండి. ఖలీ 2015లో నెలకొల్పిన ఆ అకాడమీలో తర్ఫీదు పొందిన కవితా దేవి డబ్ల్యూడబ్ల్యూఈ వరకు వెళ్లారు కనుక అది ఉత్త కల కాదు. ఫీజు, వసతి, బీమా వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి. సాధన వేళ వైద్యుడు అందుబాటులో ఉంటాడా, తలకు దెబ్బ తగిలిన కుర్రాణ్ణి మళ్లీ బరిలోకి ఎన్నాళ్లకు, ఎవరి అనుమతితో దింపుతారు అన్నది అడిగి తెలుసుకోండి. రైలు టికెట్టు మాత్రం ఎండోక్రైనాలజిస్టు రిపోర్టు చేతికి వచ్చాకే తీయండి.