కాలికి 40 శాతం వైకల్యం ఉంటే పరిహారమూ 40 శాతమేనా?

ప్రశ్న: మా ఆయనకి 38 ఏళ్లు. సొంత కారు టాక్సీగా తిప్పేవారు, ఖర్చులు పోగా నెలకి 20 వేలు మిగిలేవి. నాలుగు నెలల క్రితం లారీ గుద్ది కుడి కాలు విరిగింది, రాడ్ వేశారు. ఆ కాలికి 40 శాతం శాశ్వత వైకల్యం అని డాక్టరు రాసిచ్చారు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ వాళ్లేమో ఇది శాశ్వత వైకల్యం కాదంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరిదీ నిజమే కావచ్చు. పాలసీలో ఏం రాసుంటే అదే లెక్క. చాలా పాలసీలు కాలో చెయ్యో పోతేనో, పూర్తిగా పనికిరాకుండా అయితేనో తప్ప పెద్ద మొత్తం ఇవ్వవు. పాక్షిక వైకల్యానికి ఎంతిస్తారో చెప్పే పట్టిక ఉందేమో మాత్రం ఒకసారి చూడండి.

మీరు ఆశ పెట్టుకోవాల్సింది లారీ బీమా మీద. తప్పు లారీదని తేలితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం ఇప్పిస్తుంది. అక్కడ కాలు తెగిపోనక్కర్లేదు, వైద్యమంతా అయ్యాక కూడా మిగిలిపోయే లోపమే శాశ్వత వైకల్యం. కానీ కాలికి 40 శాతం అంటే మొత్తం ఒంటికి 40 కాదు. పైగా ట్రిబ్యునల్‌కి కావాల్సింది సంపాదన ఎంత తగ్గిందన్నది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకి సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, గుమస్తాకి ఉద్యోగం మిగలొచ్చు అని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

మీ లెక్క చూద్దాం. ఏడాదికి 2.40 లక్షలు. 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3.36 లక్షలు. ఎన్నేళ్ల ఆదాయం లెక్కకట్టాలో వయసుని బట్టి చెప్పే గుణకం 38 ఏళ్లకి 15, అంటే 50.40 లక్షలు. సంపాదన నష్టం 15 శాతమే అంటే 7.56 లక్షలు, 40 శాతం అంటే 20.16 లక్షలు. వైద్య ఖర్చులు వేరే. గొడవంతా ఆ శాతం దగ్గరే. బ్రేక్, యాక్సిలరేటర్ తొక్కలేకపోతున్నారని వైద్యం చేసిన డాక్టరు ట్రిబ్యునల్‌లో సాక్ష్యం చెప్పాలి. సర్టిఫికెట్ ఒక్కటీ పెడితే అవతలి లాయరు ఊరుకోడు. 20 వేల ఆదాయానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, టాక్సీ యాప్ చెల్లింపుల వివరాలు తీసి ఉంచండి.

నాలుగు నెలలకే శాతం ఖరారు చేయడం నాకు తొందరగానే అనిపిస్తోంది, ఎముక పూర్తిగా అతుక్కున్నాక మళ్లీ పరీక్ష చేయించండి. పిటిషన్ మాత్రం అందాకా ఆపొద్దు, చట్టంలో గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలే. ఈలోగా బీమా కంపెనీ రాజీకి వస్తే లాయరుకి చూపించకుండా సంతకం పెట్టకండి. వచ్చే డబ్బుని నమ్ముకుని అప్పు కూడా చేయకండి, కేసు ఎన్నాళ్లు సాగుతుందో చెప్పలేం.