పాత జీతాన్ని బట్టి రేటు చెప్పొద్దు

ప్రశ్న: ఒక ఆఫీసులో వెబ్ డిజైనర్‌గా పనిచేసి, ఆరు నెలల క్రితం ఉద్యోగం మానేసి సొంతంగా పనులు తీసుకుంటున్నాను. రేటు చెప్పాలంటేనే టెన్షన్. పాత జీతాన్ని గంటలకు విడగొట్టి, అదే గంట రేటు అనుకుని, ఈమధ్య ఐదు పేజీల సైటుకు 40 గంటలు పడుతుందని లెక్కేసి ఒక మొత్తం చెప్పాను. ఇప్పటికే 90 గంటలు దాటింది, ఇంకా 'ఇదొక్కటి మార్చండి' అంటూనే ఉన్నారు. ఎక్కువ అడిగితే పని పోతుందేమోనని భయం. ఎంత అడగాలి?

జవాబు: 40 గంటల అంచనా తప్పడం పెద్ద విషయం కాదు, అందరికీ తప్పుతుంది. అసలు చిక్కు ఆ గంట రేటులోనే ఉంది. ఉద్యోగంలో వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు, అంటే 2,080 గంటలకు జీతం వచ్చేది, సెలవు పెట్టిన రోజుక్కూడా. సొంతంగా చేస్తే అన్ని గంటలకూ బిల్లు వేయలేం. సెలవులకు, జ్వరాలకు, పని దొరకని రోజులకు ఆరు వారాలు తీసేయండి. మిగిలిన 46 వారాల్లో కొత్తవాళ్లతో మాట్లాడటం, కొటేషన్లు రాయడం, రావాల్సిన డబ్బు గుర్తుచేయడం, కొత్తవి నేర్చుకోవడం పోగా వారానికి 22 గంటలు బిల్లు వేయగలిగితే బాగా చేసినట్టే. ఏడాదికి సుమారు 1,000 గంటలు, అంతే.

ఇప్పుడు మీ పాత ఏడాది జీతం 100 అనుకుందాం. కంప్యూటరు, సాఫ్ట్‌వేర్ చందాలు, ఇంటర్నెట్, ఇన్సూరెన్స్ ఇకపై మీవే కాబట్టి వాటికో 20 కలపండి. 120ని 1,000తో, 100ని 2,080తో భాగించి చూస్తే రెండున్నర రెట్లు తేడా వస్తుంది. అంటే పాత జీతమే చాలనుకున్నా గంట రేటు మీరు ఇప్పుడు వేసుకుంటున్నదానికి రెండున్నర రెట్లు ఉండాలి. మీరు దాన్ని ఎక్కువ అడగడం అనుకుంటున్నారు, అందుకే భయం.

ఈ రేటు మీ లెక్క కోసమే. క్లయింటుకు మాత్రం పనికింత అని ఒకే మొత్తం చెప్పండి, లేకపోతే మీ చెయ్యి తిరిగి పని త్వరగా అయ్యేకొద్దీ మీకే డబ్బు తగ్గుతుంది. ఆ మొత్తం లెక్కగట్టేటప్పుడు మీ అంచనా గంటల మీద కనీసం పాతిక శాతం అదనంగా వేసుకోండి. ఆ 90 గంటలు ఎక్కడెక్కడ పోయాయో కూర్చుని రాయండి: డిజైనుకెంత, ఫోన్‌లో సరిగ్గా కనబడేలా చేయడానికెంత, మార్పులకెంత. తర్వాతి కొటేషన్‌కు ఇంతకన్నా నమ్మదగిన ఆధారం ఇంకోటి దొరకదు.

కొటేషన్‌లో ఎన్ని పేజీలు, మ్యాటరు, ఫొటోలు ఎవరిస్తారు, మార్పులు ఎన్నిసార్లు (నేనైతే రెండుసార్లే అంటాను), ఆపైన గంటకెంత అన్నది ఉండాలి. మ్యాటరు వాళ్లే ఇస్తామంటే తేదీ రాయించుకోండి, ఎక్కువ సైట్లు ఆగిపోయేది అక్కడే. డొమైన్ (సైటు అడ్రసు), హోస్టింగ్ (సైటును ఉంచే సర్వర్ చోటు) వాళ్ల పేరు మీద, వాళ్ల డబ్బుతోనే కొనాలి. మెయింటెనెన్స్ వేరే బిల్లు. సగం అడ్వాన్సు వచ్చాకే మొదలుపెట్టండి, మిగతా సగం సైటు లైవ్‌లోకి వెళ్లే ముందే తీసుకోండి.

తగ్గించమంటే పని తగ్గించండి, రేటు కాదు. ఐదు పేజీలు మూడవుతాయి, లేదా బ్లాగు తర్వాత పెట్టుకోవచ్చు. అలా అన్నప్పుడు కొందరు వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి, తక్కువకు ఒప్పుకున్న పని పట్టుకుని కూర్చుంటే సరైన పని వచ్చినప్పుడు మీకు తీరిక ఉండదు.

ఇప్పటి క్లయింటుకు చెప్పిన మొత్తం పెంచకండి, ఆ మాట మీరే ఇచ్చారు. కానీ ఇంకా ఏమేం మార్చాలో అన్నీ ఒకేసారి రాసి పంపమనండి, అవి చేసి ఇచ్చాక వచ్చే ప్రతి మార్పుకూ గంట లెక్కన బిల్లు ఉంటుందని అదే ఈమెయిల్లో, కొత్త రేటుతో సహా, రాయండి.