వ్యసనం నుంచి కోలుకుంటున్న మహిళలకు వంట నేర్పుతున్నాను.. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: మద్యం, మత్తుపదార్థాల అలవాటు నుంచి బయటపడుతున్న ఎనిమిది మంది మహిళలు కలిసి ఉండే గ్రూప్ హోమ్‌కు వారానికి రెండు రోజులు వెళ్లి తేలికైన ఇంటి వంటలు నేర్పుతున్నాను. నాకు వైద్యం తెలియదు, వంట మాత్రమే తెలుసు. వాళ్లలో కొందరికి చేతులు వణుకుతాయి. చాలామంది ఏవో మందులు వాడుతున్నారు. ఒకామెకు హెపటైటిస్-సి ఉంది, ఆమె చేత వండించొద్దని మిగతావాళ్లు అంటున్నారు. ఇంకొకామె అందరికీ వడ్డిస్తుంది గానీ తాను మాత్రం ముట్టదు. వీళ్లకు ఎలాంటి వంటలు నేర్పాలి? ఆరోగ్యపరంగా నేను ఏం గమనించుకోవాలి?

జవాబు: ముందుగా హెపటైటిస్-సి సంగతి. మీరు మళ్లీ క్లాసుకు వెళ్లేలోపే ఇది తేలాలి, ఎందుకంటే ఆ ఎనిమిది మందిలో ఒకామె ఈ వారమంతా వంటగది గుమ్మం బయట నిలబడి ఉంటుంది.

హెపటైటిస్-సి రక్తం ద్వారా సోకుతుంది. ఆమె వండినది తిన్నా, ఆమె తాగిన గ్లాసుతో నీళ్లు తాగినా, పక్కన కూర్చుని ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నా రాదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి కూడా తిండి ద్వారా రావు. కాబట్టి ఆమె నిశ్చింతగా వండొచ్చు. వేలు తెగినప్పుడు పాటించాల్సిన పద్ధతి మాత్రం ఎనిమిది మందికీ, మీకూ ఒకటే. పని ఆపి, గాయం కడిగి, నీళ్లు చొరని ప్లాస్టర్ వేసి, పైన గ్లౌజు తొడుక్కోవాలి. రక్తం పడిన పదార్థం పారేయాలి. బల్లనూ కత్తినీ సబ్బుతో కడిగాక బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి. ఈ పద్ధతిని ఆమె పేరెత్తకుండా అందరికీ చెప్పండి. ఆమె జబ్బు గురించి మాట్లాడాలంటే ముందు ఆమె ఒప్పుకోవాలి. ఇంకో మాట: హెపటైటిస్-సికి ఇప్పుడు మంచి మాత్రలున్నాయి. సాధారణంగా 8 నుంచి 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఆమెకు ఇంకా ఆ చికిత్స మొదలవకపోతే హోమ్ నిర్వాహకుల చెవిన వేయండి.

వండకూడని వాళ్లు ఎవరంటే వాంతులు, విరేచనాలు అవుతున్నవాళ్లు. అవి పూర్తిగా తగ్గాక కూడా 48 గంటలు ఆగాలి. కొత్తగా కామెర్లు కనిపించినామెను సైతం డాక్టర్ చూసేదాకా పొయ్యి దగ్గరకు రానివ్వకండి. హెపటైటిస్-ఎ మాత్రం తిండి, నీళ్ల ద్వారా పాకుతుంది.

ఇక చేతుల వణుకు. ఎప్పటినుంచి తాగడం మానిందన్నది ఇక్కడ ముఖ్యం. బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావొచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించే ప్రమాదకరమైన స్థితి వస్తుంది. కాబట్టి కొత్తగా చేరినామెను మొదటి వారం మంటకూ కత్తికీ దూరంగా కూర్చోబెట్టండి. ఆకుకూర తుంచడం, చిక్కుళ్లు ఒలవడం, గింజలు ఏరడం ఇవ్వండి. అదీ వంటే. ఆ తర్వాత కూడా వణుకు కొన్ని వారాలు ఉండొచ్చు. మనఃస్థితిని నిలకడగా ఉంచడానికి ఇచ్చే లిథియం, వాల్‌ప్రోయేట్ లాంటి మందుల వల్ల కూడా చేతులు వణుకుతాయి, కాబట్టి వణుకు కనిపించగానే చాటుగా తాగుతోందని అనుకోకండి.

నేను వైద్య పరీక్షలు చేయడానికి వెళ్లే ఒక హోమ్‌లో మూడు వారాల కిందటే తాగడం మానిన ఒకామె గుడ్డు కొట్టబోయింది. గిన్నె అంచుకు తగిలేలోపే గుడ్డు ఆమె వేళ్ల మధ్య చితికిపోయి సొన మణికట్టు దాకా కారింది. ఎవరో తిడతారని తెలిసినట్టు భుజాలు ముడుచుకుని అలాగే నిలబడిపోయింది. వంట నేర్పే ఆవిడ ఏమీ అనలేదు. చేతులు తుడుచుకోమని గుడ్డ ఇచ్చి, వెడల్పాటి గిన్నె తెచ్చి, అది జారకుండా కింద తడిబట్ట మడిచి పెట్టి, మోచేతులు రెండూ బల్లకు ఆనించుకుని మళ్లీ కొట్టమంది. మూడో గుడ్డు పెంకు ముక్క పడకుండా గిన్నెలోకి జారింది. మోచేతికి ఆనిక దొరికితే ఇలాంటి వణుకు కొంత అదుపులోకి వస్తుంది. మీరూ అలాగే చేయించండి. కూరగాయలు తరగడానికి కత్తి బదులు వంటింటి కత్తెర, తొక్క తీసే పీలర్ ఇవ్వండి. బరువైన గిన్నె దించే పని ఒక్కరికే అప్పగించకండి.

వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుని నేర్పే అలవాటుంటే మానుకోండి. వీళ్లలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు ఎక్కువమందే ఉంటారు. పక్కన నిలబడి, ‘చూపించనా?’ అని అడిగి, సరే అన్నాకే ముట్టుకోండి. తమను తాము గాయపరచుకున్న చరిత్ర ఎవరికైనా ఉందేమో, కత్తుల్ని లెక్కపెట్టి తాళం వేయాల్సిన అవసరం ఉందేమో నిర్వాహకులను అడిగి తెలుసుకోండి.

ఏం నేర్పాలి అన్నదానికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. మీకు తెలిసిన వంటల్లో చాలావాటిని పక్కన పెట్టేయండి. మూడు చాలు. గుడ్డు ఉడికించడం, అన్నమో మరో ధాన్యమో వండటం, ఒకే గిన్నెలో పప్పుధాన్యాలూ కూరగాయలూ కలిపి ఉడికించడం. ఒక్కోదాన్నీ వరసగా మూడు నాలుగు క్లాసుల్లో మళ్లీ మళ్లీ చేయించండి. వ్యసనం నుంచి బయటపడిన తొలి నెలల్లో ఏకాగ్రత, పనుల వరస గుర్తుపెట్టుకునే శక్తి తగ్గి ఉంటాయి. చాలామందిలో అవి నెమ్మదిగా తిరిగి వస్తాయి గానీ అందాకా ఏడెనిమిది మెట్లున్న వంట చెబితే నాలుగో మెట్టు దగ్గర తడబడతారు. ‘నావల్ల కాదు’ అన్న పాత మాట మళ్లీ నోట్లోకి వస్తుంది. ఒక్కో పని ఒక్కో అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి వరసగా పేర్చండి. అయిపోయినదాన్ని తిప్పేస్తూ వెళ్లొచ్చు. చదవడం రానివాళ్లుంటే బొమ్మ గీయండి.

మూడే ఎందుకంటే, వీళ్లకు వంట అక్కరకొచ్చేది మీ క్లాసులో కంటే సాయంత్రం ఒంటరిగా ఉన్నప్పుడు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట.. ఈ నాలుగూ మళ్లీ తాగాలనే తలపును రేపుతాయని వ్యసన చికిత్సలో మేం అందరికీ చెబుతాం. ఏళ్ల తరబడి ఆకలికి కూడా తాగుడుతోనో మత్తుతోనో జవాబు చెప్పిన ఒంటికి ఏది ఆకలో, ఏది ఆ తలపో తేడా తెలియదు. అలాంటి వేళ ఆలోచించకుండా చేతులే చేసుకుపోయే వంట ఒకటి ఉండాలి. వేళకు తినడం ఎంత అవసరమో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. తీపి మీద మనసు లాగుతుందని చెబితే మందలించకండి. తొలి నెలల్లో ఇది చాలామందికి ఉంటుంది. భోజనం వేళకు పడితే కొంత తగ్గుతుంది. పండ్లు అందుబాటులో పెట్టండి.

లివర్ దెబ్బతిన్నవాళ్లు ప్రొటీన్ తినకూడదని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. అది పాత మాట. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్లకు కూడా సాధారణంగా బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. వీళ్లు రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే కండ కరుగుతుంది కాబట్టి పడుకోబోయే ముందు కొద్దిగా తినాలి. పొట్టలో నీరు చేరినవాళ్లకు ఉప్పు తగ్గించాలి, ఎంత అనేది వాళ్ల డాక్టర్ చెప్పాలి. లివర్ జబ్బున్నవాళ్లకు పచ్చి నత్తగుల్లల్లాంటివి ఎంతమాత్రం పెట్టకూడదు.

మందుల జాబితాను ప్రతి ఒక్కరి అనుమతితో నిర్వాహకుల దగ్గర తీసుకుని చూడండి. ముఖ్యంగా తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్. ఇది వాడుతున్నప్పుడు ఒంట్లోకి కాస్త ఆల్కహాల్ వెళ్లినా ముఖం ఎర్రబడటం, గుండెదడ, వాంతులు మొదలై ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. వంటలో పోసిన వైన్ ఉడికితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుందని అనుకుంటారు. అది నిజం కాదు. పావుగంట ఉడికించినా సుమారు 40 శాతం మిగులుతుంది, గంట ఉడికించినా 25 శాతం ఉంటుంది. కేకుల్లో వేసే అసలైన వెనిలా ఎక్స్‌ట్రాక్ట్‌లో దాదాపు 35 శాతం ఆల్కహాలే. ఇంట్లో ఎవరూ డైసల్ఫిరామ్ వాడకపోయినా ఇవేవీ ఆ వంటగదిలోకి రాకూడదని నా అభిప్రాయం, ఒక్క వాసన చాలు పాత రోజులు గుర్తుకు రావడానికి. చేతులు శుభ్రం చేసుకోవడానికి ఆల్కహాల్ శానిటైజర్ సీసా కూడా పెట్టకండి. సబ్బు, నీళ్లు చాలు.

లిథియం వాడేవాళ్లకు ఉప్పు రోజూ ఒకేలా పడాలి, నీళ్లు బాగా తాగాలి. ఆరోగ్యం పేరుతో ఒక్కసారిగా ఉప్పు మానేస్తే రక్తంలో లిథియం పెరిగి విషమవ్వొచ్చు. హెరాయిన్ లాంటి మత్తు అలవాటుకు చికిత్సగా ఇచ్చే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ వాడేవాళ్లకు మలబద్ధకం బాగా బాధిస్తుంది కనుక పీచున్న కూరగాయలు, పప్పుధాన్యాలు, నీళ్లు పెంచండి. గసగసాలు వంటలో వాడకండి. అవి తిన్నవాళ్ల మూత్రపరీక్షలో మార్ఫిన్ అనే మత్తుమందు కనిపించవచ్చు. ఏ తప్పూ చేయని మనిషి మీద నింద పడుతుంది, హోమ్‌లో చోటు కూడా పోవచ్చు.

ఒక ప్రమాద సూచన మీ కంటికే ముందు పడే అవకాశం ఉంది. పోయిన వారం వరస తప్పకుండా వండినామె ఈ వారం నీళ్లు పోశానో లేదో తెలియక తికమకపడుతుంటే, నడకలో తూలుతుంటే, రెండు రెండుగా కనిపిస్తున్నాయని అంటే, మళ్లీ తాగిందని తేల్చేయకండి. థయామిన్ అనే బి1 విటమిన్ బాగా తగ్గితే వచ్చే వెర్నికీ జబ్బు కావొచ్చు. మూడు లక్షణాలూ కలిసి రావాలని లేదు, ఒక్కటి కనిపించినా చాలు. అప్పుడు తిండి పెట్టి సరిచేద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. వెంటనే ఆస్పత్రిలో థయామిన్ ఇంజెక్షన్లు పడాలి. లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అలాగే చాలా రోజులు సరిగా తినక బాగా చిక్కిపోయి వచ్చినామెకు ప్రేమకొద్దీ ఒకేసారి కడుపునిండా పెట్టకండి. అలాంటి ఒంట్లో ఫాస్ఫేట్, పొటాషియం అకస్మాత్తుగా పడిపోయి గుండె లయ తప్పొచ్చు. మొదటి వారం ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

కాలితే 20 నిమిషాలు ధారగా పారే చల్లటి నీళ్ల కింద ఉంచండి. ఐస్, వెన్న, టూత్‌పేస్ట్ వద్దు. నూనె అంటుకుంటే నీళ్లు చల్లకుండా స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకండి, అన్నం విషయంలో మరీ జాగ్రత్త.

చివరిగా, వడ్డించి తాను తినని ఆ మనిషి. ఆమె గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ నాకు ఆమె గురించే ఎక్కువ ఆలోచనగా ఉంది. వ్యసనం ఉన్న మహిళల్లో తిండికి సంబంధించిన మానసిక సమస్యలు కూడా తరచూ కలిసి ఉంటాయి. తాగడం మానేశాక అంతకుముందు దాగి ఉన్నది బయటపడుతుంది. భోజనం కాగానే బాత్రూమ్‌కు వెళ్లడం, కళ్లు తిరిగి పడిపోవడం, నెలసరి ఆగిపోవడం, బరువు తగ్గుతూ పోవడం కనిపిస్తే నిర్వాహకులతో ఒంటరిగా చెప్పి డాక్టర్‌కు చూపించమనండి. మీ క్లాసులో కేలరీలు, లావు, సన్నం అనే మాటలే వద్దు. ‘ఇప్పుడు బాగున్నావు, కాస్త ఒళ్లొచ్చింది’ అని మెచ్చుకోలుగా అన్నా సరే, ఆమె మరుసటి పూట మానేస్తుంది.

కారణం వేరేదీ కావొచ్చు. మత్తుపదార్థాలు వాడినవాళ్లలో చాలామందికి పళ్లు బాగా పాడైపోతాయి, నమిలితే ప్రాణం పోయినంత నొప్పి ఉండి సిగ్గుతో చెప్పదు. తాగాలనే తలపును తగ్గించే నాల్‌ట్రెక్సోన్ మాత్రలతో కడుపులో వికారం ఉండొచ్చు. అందరి ముందు తినాలంటే భయమూ కావొచ్చు. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, ‘ఎందుకు తినవు?’ అని నిలదీయకుండా, ‘నమలడానికి ఇబ్బందిగా ఉందా?’ అని అడిగి చూడండి. వడ్డన అయ్యాక ఆమె పక్కన కూర్చుని మీ కంచంలోది మీరు తినండి. ఆమె కంచం వైపు చూడకండి. మెత్తగా ఉడికిన ఆ పప్పు, కూరగాయల గిన్నెలోంచి ఒక చిన్న కప్పు తీసి మూతపెట్టి, కావాలంటే తర్వాత తీసుకొమ్మని చెప్పి ఉంచండి. తీసుకోకపోయినా ఆమెతో ఏమీ అనకండి. తీసుకుందో లేదో మాత్రం వారం వారం రాసిపెట్టుకుని, నిర్వాహకుల ద్వారా ఆమె డాక్టర్‌కు చేర్చండి.