క్షేత్రం బయటికి పోకపోతే?

చిరంజీవికి ఆశీస్సులు.

అతివాహక (సూపర్ కండక్టర్) రెజొనేటర్ల మీద, అంటే విద్యుదయస్కాంత తరంగాల శక్తిని లోపల నిలిపి ఉంచే లోహపు డొల్లల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. రెండో పేరాలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘చల్లబడగానే నియోబియం అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది, నిరోధం సున్నా అవుతుంది.’ పాఠ్యపుస్తకం ప్రకారం తప్పేం లేదు, అతివాహకం క్షేత్రాన్ని అలా నెట్టేయడాన్ని 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ గమనించారు. కానీ ప్రతిసారీ అలాగే జరిగితే నువ్వు వ్యాసం రాయాల్సిన పనే ఉండదు!

క్షేత్రం మొత్తం బయటికి పోదు. 9.2 కెల్విన్ దగ్గర నియోబియం అతివాహకంగా మారేటప్పుడు లోహంలోని లోపాలు కొంత అభివాహాన్ని, అంటే ఆ క్షేత్రంలో కొంత భాగాన్ని, పట్టేసుకుంటాయి. అది సన్నని సుడులుగా లోపలే ఇరుక్కుంటుంది. ఒక్కో సుడి నడిమి భాగం మామూలు లోహంలాగే ఉంటుంది. సెకనుకు 130 కోట్ల సార్లు ఊగే కరెంటు ఆ సుడుల్ని కూడా ఊపుతుంది, దాంతో వేడి పుడుతుంది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది.

అంకెల సంగతి. కాలిఫోర్నియాలోని ఎల్‌సీఎల్‌ఎస్-2 అనే ఎక్స్‌రే లేజర్ యంత్రంలోని కావిటీలకు (ఈ రెజొనేటర్లకే మరో పేరు) లక్ష్యంగా పెట్టుకున్న క్యూ విలువ, అంటే శక్తి ఎంత నెమ్మదిగా వృథా అవుతుందో చెప్పే కొలత, 2,700 కోట్లు. అంతే రాసి వదిలేస్తే పాఠకుడు దండం పెట్టి పేజీ తిప్పేస్తాడు. కావిటీని దాని మానాన వదిలేస్తే అందులోని శక్తి మూడో వంతుకు పడిపోవడానికి మూడు సెకన్లకు పైనే పడుతుందని చెప్పు. అప్పుడు దాని ఉపరితల నిరోధం 10 నానో ఓమ్‌లు. భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు 500 మిల్లీగాస్. అదంతా లోపల ఇరుక్కుంటే నష్టం పది రెట్లు దాటుతుంది. అందుకే కవచాలు కట్టి 5 మిల్లీగాస్ లోపు ఉంచాలనుకున్నారు. రెండు కెల్విన్ల దగ్గర ఒక్క వాటు వేడి తీయడానికి బయట వందల వాట్ల కరెంటు ఖర్చవుతుంది మరి.

లోహపు పైపొరలోకి నత్రజని పట్టించిన కావిటీల గురించి నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ పరిశోధన సంస్థలో పుట్టిన ఆ పద్ధతి మామూలు నష్టాన్ని తగ్గించింది కానీ, ఇరుక్కున్న అభివాహానికి కావిటీని ఇంకా సున్నితం చేసింది. దాంతో ఎలా చల్లబరచాలన్నదే పెద్ద ప్రశ్న అయింది. హీలియాన్ని జోరుగా పంపి, ఒక చివరకూ మరో చివరకూ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా తెస్తే, ఆ తేడాయే అభివాహాన్ని బయటికి తోస్తుంది. కొన్ని నియోబియం రేకులు దానికీ లొంగలేదు. వాటిని 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చాల్సి వచ్చింది.

పాఠకుణ్ని కావిటీల్ని పరీక్షించే గదిలోకి తీసుకెళ్లు. కావిటీ నడుముకు బయటి నుంచి అంటించిన అయస్కాంత సెన్సర్‌ను చూపించు. 9.2 కెల్విన్ దాటే క్షణంలో అభివాహం పూర్తిగా వెళ్లిపోతే రీడింగ్ ఉన్నట్టుండి దాదాపు 1.7 రెట్లకు ఎగబాకుతుంది. ఇరుక్కుపోతే ముల్లు కదలదు. (ఇప్పుడు ముల్లెక్కడుంది, అంతా తెర మీదే. అయినా ఆ టెన్షన్ మాత్రం అదే.) వ్యాసం ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

క్వాంటం కంప్యూటర్ల పేరా తీసెయ్. అక్కడి పలుచటి పొరల రెజొనేటర్లలో లోహానికి కావాలనే చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, సుడులు కదలకుండా వాటిలో బంధిస్తారు. అది వేరే కథ, విడిగా రాయి.

తిరగరాసి పంపు. ఈసారి బొమ్మలు తగ్గించి, ఆ సెన్సర్ గ్రాఫ్ ఒక్కటీ పెట్టు.